బ్రూనోకు రెండు గొలుసులు

ప్రశ్న: సార్, మాది కర్నూలు, నంద్యాల రోడ్డు వైపు కాలనీ. మా బాబుకు పదేళ్లు, ఐదో తరగతి. బరువు 44 కిలోలు. బడి నుంచి వస్తే సోఫా, ఫోను, అంతే. ఆరు నెలల కింద మా తమ్ముడు ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చిచ్చాడు. బ్రూనో అని పేరు పెట్టాం. ఇప్పుడు దానికి ఎనిమిది నెలలు. బాబుకు వ్యాయామం అయినట్టుంటుందని సాయంత్రం పూట వాడితోనే వాకింగ్‌కు పంపుతున్నాం. పోయిన నెల వీధికుక్కలను చూసి అది ఒక్కసారిగా లాగింది. వాడు బోర్లా పడి మోకాళ్లు చెక్కుకుపోయాయి, చేతి మీద కూడా గీరుకుంది. మా ఆయన ఇక వాకింగ్ వద్దు, కుక్కను గేటుకు కట్టేయమంటున్నారు. మా అత్త అసలు కుక్కనే ఎవరికైనా ఇచ్చేయమంటోంది. బాబు రెండు రోజులు అన్నం తినలేదు. కుక్కను తిప్పితే పిల్లలకు నిజంగా వ్యాయామం అవుతుందా? వాణ్ని ఒక్కణ్నే పంపొచ్చా? పెద్దమ్మాయికి పదమూడేళ్లు, దాన్ని సాయంత్రాలు బయటికి పంపం కాబట్టి తోడు పంపే వీలు లేదు. కుక్కకు టీకాలన్నీ అయ్యాయని తమ్ముడు చెప్పాడు, కార్డు మాత్రం మా దగ్గర లేదు.
– ఒక తల్లి, కర్నూలు

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో మీరు అన్నిటికంటే చిన్నగా రాసిన మాటతో మొదలుపెడతాను. "చేతి మీద కూడా గీరుకుంది" అన్నారు. ఏది గీరుకుంది? రోడ్డా, బ్రూనో గోరా, పన్నా, ఆ వీధికుక్కల్లో ఏదైనా మీద పడిందా? మోకాళ్ల గురించి నాకు బెంగ లేదు. డ్రిల్లు మాస్టారుగా ముప్పై ఏళ్లు విజిల్ ఊదాను, మోకాలు చెక్కుకుపోకుండా పెరిగిన పిల్లాణ్ని ఒక్కణ్ని కూడా చూడలేదు. చేతి మీది గీత సంగతి మాత్రం వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడగండి. కోప్పడి అడిగితే "రోడ్డే" అంటాడు. నిజం చెబితే కుక్కను పంపించేస్తారని వాడికి తెలుసు.

రోడ్డే అయితే సరే. బ్రూనో గోరో పన్నో అయి, నెల దాటినా అది తింటూ తిరుగుతూ హుషారుగా ఉంటే ఆ గీత గురించి కంగారు అక్కర్లేదు. నోట్లో రేబీస్ క్రిమి వచ్చే దశలో ఉన్న కుక్క పది రోజుల్లోపే జబ్బు బయటపడి చచ్చిపోతుంది. పెంపుడు కుక్క కరిస్తే దాన్ని పది రోజులు కనిపెట్టి చూడమనేది అందుకే. వీధికుక్క అయితే మాత్రం నెల అయిపోయింది కదా అని ఊరుకోకండి, ఈ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఆలస్యమైనా టీకా వేయించాల్సిందే, ఎందుకంటే ఆ జబ్బు లక్షణాలు ఒకసారి మొదలయ్యాక ఇక మందు లేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే కాలం పోయింది. ఇప్పుడు జబ్బకే వేస్తారు, మొదటి రోజు, 3, 7, 28 రోజుల లెక్కన, సర్కారు ఆసుపత్రిలో డబ్బులు లేకుండా. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కిస్తారు.

ఇంకెప్పుడైనా ఏ కుక్క గీరినా, కరిచినా, మొదట కుళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని పదిహేను. మన వైపు ఇంకా కారం అద్దేవాళ్లు, సున్నం రాసేవాళ్లు ఉన్నారు. అవేవీ వద్దు.

తమ్ముణ్ని తప్పుపడుతున్నానని అనుకోకండి, కార్డు లేదంటే టీకా పడలేదనే లెక్క. బ్రూనోను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి రేబీస్ టీకా వేయించి, సీసా మీది స్టిక్కరు కార్డుకు అంటించి సంతకం పెట్టమనండి. మూడు నెలలు నిండాక మొదటిది, తర్వాత బూస్టరు, ఆపైన ఏటేటా. నులిపురుగుల మందు సంగతి కూడా అప్పుడే అడగండి. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేసే కార్యక్రమం పెడుతుంటారు. 1885లో ఆ రోజే పారిస్‌లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక మనిషికి రేబీస్ టీకా ఇచ్చాడు. ఆ మనిషి పిచ్చికుక్క కరిచిన ఒక పిల్లాడు. వాడికి తొమ్మిదేళ్లు, మీ వాడికంటే ఏడాది చిన్న. అలాగని మీరు జూలై దాకా ఆగకండి.

ఇక మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. కుక్కను తిప్పితే వ్యాయామం అవుతుందా అంటే, అవుతుంది. మీరు ఆశపడుతున్నంత మాత్రం కాదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి జోరు పెరిగే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారంలో మూడు రోజులైనా ఎముకలకూ కండలకూ బలం పడే ఆట, అంటే పరుగు, దుముకుడు, గుంజులాట లాంటివి, ఉండాలని కూడా చెప్పింది. ఇప్పుడు ఒక సాయంత్రం మీ వాడి వెనకాలే నడిచి చూడండి. బ్రూనో ఇరవై అడుగులు వేస్తుంది. కరెంటు స్తంభం దగ్గర ఆగి వాసన చూస్తుంది, చుట్టూ ఒకసారి తిరుగుతుంది, కాలెత్తుతుంది. మళ్లీ పది అడుగులు, ఎవరో పారేసిన బజ్జీల కాగితం, దాన్ని లాక్కోవడానికి ఒక నిమిషం కుస్తీ. అరగంట బయట ఉంటే నడిచింది పన్నెండు, పదిహేను నిమిషాలుంటుంది. ఊపిరి జోరు పెరిగిందో లేదో చూడటానికి మేం గ్రౌండులో వాడే చిట్కా ఒకటుంది: పిల్లాడు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మీ వాడు బ్రూనో వెంట నడుస్తూ రెండు చరణాలు హాయిగా పాడుతుంటే అది షికారే అవుతుంది. షికారూ మంచిదే, కాకపోతే దాన్ని ఆ 60 నిమిషాల ఖాతాలో వేయకండి.

ఇంగ్లండులో 9, 10 ఏళ్ల పిల్లలు రెండు వేల మందికి పైగా నడుముకు చిన్న యంత్రం కట్టి లెక్క తీశారు, 2010లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కుక్క ఉన్న ఇంటి పిల్లలు రోజుకు సుమారు 350 అడుగులు ఎక్కువ వేశారు. 350 అడుగులంటే మీ ఇంటి నుంచి వీధి చివర అంగడికి పోయి పాల ప్యాకెట్టు తేవడం. దానికే 44 కిలోలు 36 అయిపోతుందని ఎదురుచూడొద్దు. బరువు సంగతి తిండితోనూ, నిద్రతోనూ, ఫోనుతోనూ కలిపి చూడాల్సింది. ఇంకో మాట, "బ్రూనోను తిప్పితే ఒళ్లు తగ్గుతావురా" అని వాడితో ఎప్పుడూ అనకండి. ఇష్టంగా చేసే పని అప్పటి నుంచి శిక్ష అయిపోతుంది. నా దగ్గర లావుపాటి పిల్లలు గ్రౌండు వదిలేసింది పరుగెత్తలేక కాదు, ఆ మాట వినలేక.

ఇంత తక్కువేనా, మరైతే మానేద్దామా అంటారేమో. వద్దు. మీ ఇంట్లో మంచం కింద ఒకసారి వంగి చూడండి. ఒక షటిల్ బ్యాటు, గాలి పోయిన ఫుట్‌బాలు, నాలుగు రోజులు తొడిగిన స్కేటింగ్ బూట్లు ఉంటాయి. ఉండవంటే నేను నమ్మను. పిల్లల ఉత్సాహం వారం, పది రోజులు. కుక్కను మంచం కింద తోసెయ్యలేం. సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి గొలుసు తగిలించిన మేకు దగ్గరికి పోయి నిలబడుతుంది, తోకతో తలుపు కొడుతుంది, మొహంలోకి చూస్తుంది. మీ వాడి చేతిలోంచి ఫోను మీరు లాగితే గొడవ, బ్రూనో లాగితే నవ్వు. రోజూ గడప దాటించే అలారం అది. దాటిన తర్వాత ఆ గంటలో ఏం చేయిస్తారన్నది మీ చేతిలో ఉంది.

నేనైతే ఇలా చేస్తాను. వాసనలు చూసుకుంటూ పోయే నడక ఇరవై నిమిషాలు. అది బ్రూనో కోసం, తొందర పెట్టకూడదు. వాసన చూడటం కుక్కకు పేపరు చదవడం లాంటిది. తర్వాత గేటు ఉన్న ఖాళీ స్థలంలోనో, మీ మిద్దె మీదో అసలు ఆట. మిద్దె మీద అయితే పిట్టగోడ మీ వాడి ఛాతీ దాకా ఉండాలి, నీళ్ల తొట్టి దిమ్మెల పక్కన ఆడకూడదు. వాడు పరుగెత్తి దాక్కోవాలి, బ్రూనో వెతకాలి. బంతి విసిరి అది తెచ్చేలోపు వాడు అవతలి గోడ ముట్టుకుని రావాలి, ఎవరు ముందో చూడాలి. ఇరవై నిమిషాలకు వాడి చొక్కా తడిసిపోతుంది, పాట రాదు. పెద్దజాతి కుక్కలకు ఏడాది, ఏడాదిన్నర దాకా ఎముకలు గట్టిపడుతూ ఉంటాయి. కాబట్టి బ్రూనో చేత ఎత్తు నుంచి దూకించడం, అదే పనిగా రోడ్డు మీద పరుగెత్తించడం వద్దు, దాని ఇష్టానికి ఆగుతూ ఆడనివ్వండి. స్కూటీకో సైకిలుకో గొలుసు కట్టి కుక్కను పరుగెత్తించేవాళ్లను మన ఊళ్లో రోజూ చూస్తున్నాను. అది కుక్కకూ ప్రమాదం, బండి మీద ఉన్నవాడికీ ప్రమాదం. ఎవరు చేసినా తిట్టాలనిపిస్తుంది, ఒకరిద్దరిని తిట్టాను కూడా.

బ్రూనో ఉంది కదా అని తోటి పిల్లలతో ఆట మాన్పించకండి. కబడ్డీ, కోకో, తాడాట ఇచ్చే బలం ఏ కుక్కా ఇవ్వదు.

ఒక్కణ్ని పంపొచ్చా అన్నారు. వద్దమ్మా, ఇంకా నాలుగేళ్లు వద్దు. అది మీ వాడి తప్పు కాదు. ఎనిమిది నెలల లాబ్రడార్ పాతిక కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, పైగా నాలుగు కాళ్లు నేలకు తన్ని పెట్టి లాగుతుంది. పదేళ్ల పిల్లాడు రెండు కాళ్ల మీద ఆపలేడు. బలం ఒక్కటే కాదు. సందు మలుపులో మూడు కుక్కలు ఎదురైనప్పుడు ఆగాలా, వెనక్కి పోవాలా, తాడు వదలాలా అన్నది రెండు సెకన్లలో తేల్చుకోవాలి. అది పెద్దవాళ్లకే రాదు. నా సంగతి చెబుతాను. చేయి జారకుండా ఉంటుందని గొలుసు రెండు చుట్లు మణికట్టుకు చుట్టుకుని తిరిగేవాణ్ని. ఒకరోజు పొద్దున మా కుక్కకు పంది కనపడింది. అంతే. ముప్పై ఏళ్లు పిల్లలకు నిలబడటం నేర్పిన మనిషిని మురుగు కాలవ గట్టున కూర్చున్నాను, చిటికెన వేలు విరిగింది. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. కాబట్టి మొదటి పాఠం: గొలుసు చేతికి చుట్టుకోవద్దు. మడిచి గుప్పిట్లో పట్టుకోవాలి, "వదిలెయ్" అంటే ఆ క్షణమే జారిపోవాలి.

నేను చెప్పే ఉపాయం రెండు గొలుసులు. మెడ బెల్టుకు ఒకటి, ఛాతీ మీదుగా తొడిగే హార్నెస్‌కు ఒకటి. హార్నెస్ గొలుసు మీ ఆయన చేతిలో, లేదా మీ చేతిలో. బెల్టుకున్నది బాబు చేతిలో. బాబుది పెద్దవాళ్లదానికంటే ఒక జానెడు ఎక్కువ పొడవుగా, కొంచెం వదులుగా ఉండాలి. అప్పుడు బ్రూనో దూకినా ముందు బిగిసేది పెద్దవాళ్ల గొలుసు, వాడి చేతికి ఊపు రాదు. వాడికి మాత్రం తనే నడిపిస్తున్నాననే ఉంటుంది, చాలావరకు నిజం కూడా అదే. హార్నెస్ కొనేటప్పుడు గొలుసు తగిలించే కొక్కెం ఛాతీ ముందు ఉన్నది అడగండి. వీపు మీద కొక్కెం ఉంటే కుక్క ఎద్దు బండి లాగినట్టు లాగుతుంది. ముందు ఉంటే లాగినప్పుడల్లా ఒళ్లు పక్కకు తిరిగి దానికదే తగ్గుతుంది. బెల్టుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే తల వెనక్కి లాక్కుని బయటపడుతుంది.

లాగినప్పుడు తిరిగి లాగకుండా ఆగిపోవాలి. గొలుసు వదులయ్యేదాకా చెట్టులా నిలబడి, వదులు కాగానే "శభాష్" అని దాని నోట్లో ఒక తిండి పలుకు పెట్టి అడుగు వెయ్యాలి. మొదటి వారం వీధి చివరికి పోవడానికే అరగంట పడుతుంది, ఓపిక పట్టండి. పలుకులకు బొరుగులు చాలు, ఉప్పూ కారం లేనివి, లేదా చిన్నచిన్న క్యారెట్ ముక్కలు. ఆ సంచీ బాబు జేబులో ఉండాలి. కుక్కకు మాట నేర్పే పని వాడిదే. కూర్చో, ఆగు, వదిలెయ్ అనే మూడు మాటలు చాలు. మన ఇళ్లలో కుక్కలు కూడా ఇంగ్లీషు మీడియమే. సిట్, స్టాప్ అన్నా ఫర్వాలేదు, ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడితే చాలు.

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. పొద్దున మిగిలిన ఉగ్గాని బ్రూనో గిన్నెలో వేస్తున్నారేమో. అందులోని ఉల్లిపాయ కుక్కకు విషం, రక్తకణాలను విరిచేస్తుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా దానికి విషమే. ఇంకో సంగతి, లాబ్రడార్లకు ఎంత తిన్నా ఆకలి తీరనట్టు ఉంటుంది. సుమారు నాలుగో వంతు కుక్కల్లో ఆకలిని అదుపుచేసే జన్యువులోనే తేడా ఉందని 2016లో కేంబ్రిడ్జిలో కనిపెట్టారు. అది జాలిగా చూసినప్పుడల్లా పెట్టుకుంటూ పోతే మీ ఇంట్లో బరువు తగ్గాల్సినవాళ్లు ఇద్దరవుతారు.

మీ ఆయన గేటుకు కట్టేయమన్నారు. బిడ్డ పడ్డాడని భయపడి అన్న మాట, నాకు అర్థమవుతుంది. కానీ పొద్దస్తమానం గేటు దగ్గర కట్టేసిన కుక్క దారినపోయే ప్రతి మనిషినీ చూసి మొరిగి మొరిగి కోపిష్ఠిది అవుతుంది. ఎప్పుడో ఒకరోజు గొలుసు తెగితే అప్పుడు పడేది మోకాలి గాయం కాదు. ఆయనకు ఇంకొకటి కూడా చెప్పండి. మన నిర్లక్ష్యం వల్ల మన కుక్క ఎవరినైనా కరిస్తే కేసు మన మీదే, భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను దానికే ఉంది. పదేళ్ల పిల్లాడి చేతికిచ్చి పంపాం అంటే అది సాకు కాదు, నిర్లక్ష్యానికి రుజువు.

వీధికుక్కల గురించి. వాటికి సరిహద్దులుంటాయి, మనం చూడం గానీ. ఏ సందు ఏ గుంపుదో రెండు రోజులు కుక్క లేకుండా మీరూ బాబూ నడిచి కనిపెట్టండి. ఒక కాగితం మీద కాలనీ పటం గీయమనండి, ఎక్కడ చెత్తకుండీ, ఎక్కడ కోళ్ల అంగడి, ఎక్కడ పిల్లలు పెట్టిన కుక్క. దానికి వాడు ఎంత ఉత్సాహపడతాడో చూడండి. పిల్లలు పెట్టిన తల్లికుక్క ఉన్న సందులోకి రెండు నెలలు పోవద్దు. ఆదివారం పొద్దున కోళ్ల అంగడి వైపు అసలే వద్దు. తెల్లవారుజామున మనుషులు లేని వేళ గుంపులు బలంగా ఉంటాయి, నలుగురు వాకింగ్‌కు వచ్చాక బయలుదేరండి. గుంపు ఎదురైతే బాబు మీ వెనక్కి రావాలి, ఎవరూ పరుగెత్తకూడదు, కళ్లలోకి చూడకూడదు, మెల్లగా పక్కకు తప్పుకోవాలి. కుక్కలు కొట్లాటకు దిగితే బాబు గొలుసు వదిలేసి దూరం పోవాలి. బ్రూనోను విడదీయడానికి చెయ్యి పెట్టకూడదు. ఇది వాడికి నాలుగుసార్లు చెప్పి, ఇంటి ముందు నాటకంలా ఆడించండి. కుక్క మీద పడి వాడు కిందపడితే ముడుచుకుని, రెండు చేతులతో మెడా చెవులూ కప్పుకోవాలి. ఇది కూడా ఆడించండి. బడిలో నేను ఆడించేవాణ్ని, పిల్లలు నవ్వేవాళ్లు, కానీ గుర్తుండేది.

"మొరిగే కుక్క కరవదు" అనే సామెత మాత్రం వాడికి నేర్పకండి. మొరిగే కుక్క కరుస్తుంది. మొరగని కుక్కా కరుస్తుంది. తోక ఊపితే స్నేహమని కూడా అనుకోవద్దు. తోక నిటారుగా లేచి కర్రలా బిగిసి కొస మాత్రమే ఆడుతుంటే అది హెచ్చరిక.

ఎండాకాలం గురించి కర్నూలువాళ్లకు నేను చెప్పేదేముంది. కానీ కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఎగరోజడమే దాని ఫ్యాను. లాబ్రడార్ పూర్వీకులు కెనడా వైపు న్యూఫౌండ్లాండ్ చలినీళ్లలో చేపల పడవల వెంట బతికిన కుక్కలు. మేలో 40 దాటే మన ఊరు దానికి తగిన చోటు కాదు, తెచ్చుకున్నాం కాబట్టి చూసుకోవాలి. బయలుదేరే ముందు బాబు చేత అరచేతి వెనక భాగం తారురోడ్డు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టించండి. ఏడు దాకా ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద బ్రూనో పాదాలు కాలతాయి, ఆ పూట మిద్దె ఆటే, అదీ పొద్దు వాలి మిద్దె చల్లబడ్డాక. చొంగ చిక్కగా కారుతూ, అడుగులు తూలుతుంటే నీడలోకి లాగి, పొట్ట మీదా పాదాల మీదా మామూలు నీళ్లు పోసి విసురుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. నీళ్ల సీసా రెండు తీసుకెళ్లండి, ఒకటి పిల్లలకు.

పిల్లలకు అన్నాను. ఇప్పుడు మీరు అడగని సంగతి.

మీ ఉత్తరంలో పెద్దమ్మాయి ఒకే ఒక వాక్యంలో వచ్చింది, అదీ బయటికి పంపం అని చెప్పడానికి. కొడుకు బరువు కిలోల్లో రాశారు. అమ్మాయి ఏం ఆడుతుందో రాయలేదు. నేను పనిచేసిన బళ్లలో ఆరో తరగతి దాకా కోకోలో మగపిల్లలను ఉడికించిన ఆడపిల్లలు ఎనిమిదికి వచ్చేసరికి గ్రౌండు గట్టు మీద పుస్తకం పట్టుకుని కూర్చునేవాళ్లు. వాళ్లకు ఇష్టం లేక కాదు. ఇది మన ఊరి కథే కూడా కాదు. 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో చాలినంత కదలిక లేనివాళ్లు మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం అని 146 దేశాల లెక్కలు చూసి 2019లో తేల్చారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 600 మంది చిన్నపిల్లలను మూడేళ్ల పాటు చూసిన ఇంకో పరిశీలన 2024లో వచ్చింది. ఇంటికి కొత్తగా కుక్క వచ్చిన ఆడపిల్లల్లో తేలికపాటి కదలిక రోజుకు 52 నిమిషాలు పెరిగింది, ఉన్న కుక్క పోయిన ఆడపిల్లల్లో గంట దాకా తగ్గింది. వాళ్లు మీ అమ్మాయికంటే బాగా చిన్నవాళ్లు, అక్కడి వీధులూ వేరు, కాబట్టి మీ ఇంట్లో అచ్చం అలాగే జరుగుతుందని అనను. కానీ చదివినప్పుడు ఆ గట్టు మీద కూర్చున్న పిల్లలే గుర్తొచ్చారు.

పదమూడేళ్ల అమ్మాయి చీకటిపడే వేళ ఒంటరిగా వద్దంటే మీ భయం నాకు తెలుసు. ఒంటరిగా పంపమనడం లేదు. బ్రూనోకు ఎలాగూ పెద్దవాళ్ల చెయ్యి ఒకటి కావాలి. మీరు పెద్ద గొలుసు పట్టుకోండి, ఒకరోజు చిన్న గొలుసు బాబుది, ఒకరోజు అమ్మాయిది. రెండోవాళ్లకు నీళ్ల సీసా, పెంట ఎత్తే సంచి. సంచి అంటే మొహం చిట్లించకండి. కుక్క పెంటలో నులిపురుగుల గుడ్లుంటాయి, చెప్పుల్లేని పిల్లలు అదే మట్టిలో గోళీలాడతారు. పక్కింటివాళ్లతో సగం తగాదాలు కూడా ఆ సంచితోనే తీరతాయి. పొద్దున ఆరింటికి ముగ్గురూ కలిసి వెళ్తే కాలనీలో ఎవరూ ఏమీ అనరు, అన్నా కుక్కను చూసి దూరంగా నిలబడి అంటారు. వారంలో రెండు రోజులు మీ ఆయన వంతు. ఆయనకు షుగరో బీపీయో మొదలయ్యే వయసే అనుకుంటాను.

మా వైపు గొర్రెల కాపరుల పిల్లలు రెండు కుక్కలను వెంటేసుకుని పొద్దున పోయి మాపటికి వస్తారు, రోజుకు ఎన్ని మైళ్లో వాళ్లకే తెలియదు. ఆ ఇళ్లలో పిల్లాడి ముందు తండ్రి నడుస్తుంటాడు, వెనక అన్న ఉంటాడు. నేను చెప్పే ఏర్పాటు కూడా అదే, గొర్రెలు లేవంతే.

మీ అత్తగారి సంగతి. కుక్క అంటే మైల అనే పట్టింపు అయితే, ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఎవరో ఆవిడకే బాగా తెలుసు, నేను చెప్పక్కర్లేదు. కానీ ఆవిడ అభ్యంతరం పట్టింపు కాకపోవచ్చు. పొద్దంతా ఇంట్లో ఉండేది ఆవిడ. బొచ్చు ఊడ్చేదీ, తడికాళ్ల గుర్తులు తుడిచేదీ, మొరుగుడు వినేదీ ఆవిడే. పిల్లలు వాకింగ్ నుంచి రాగానే గుమ్మం బయట గోనెసంచి మీద బ్రూనో పాదాలు తుడిచి, చెవుల వెనకా వేళ్ల సందుల్లోనూ గోమార్లు పట్టాయేమో చూసి, చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి రావాలి. వంటింట్లోకీ దేవుడి గదిలోకీ బ్రూనో రాకూడదని ఆవిడ అంటే, రాకూడదంతే, అక్కడ వాదించకండి. పది రోజులు ఇది ఒక్కటి తప్పకుండా జరిపించి, అప్పుడు కుక్కను ఇచ్చేయాలా వద్దా అని ఆవిడనే అడగండి.

ఆ చేతి గీత రోడ్డుదో, కుక్కదో, ఏ కుక్కదో తేలాక నాకు ఒక ముక్క రాయండి.